నిండు సున్నాల దారి

ఆ దారిలో ఒక మెలిక ఉంది. కొండ ఊళ్లో బయల్దేరి, మట్టి మీదా కంకర మీదా యాభై ఎనిమిది కిలోమీటర్లు సైకిలు తొక్కితే సముద్రం ఒడ్డుకు చేర్చే దారి అది. ముప్పై నాలుగో కిలోమీటరు దగ్గర బుద్ధున్నవాడెవడైనా కుడివైపు దిగిపోతాడు, అరగంటలో ఉప్పుగాలి మొహానికి తగులుతుంది. ఈ దారి మాత్రం ఎడమకు తిరిగి, ఎవరికీ పనిలేని ఒక గుండ్రటి కొండ మీదికి పాకి, తొమ్మిది కిలోమీటర్లు చుట్టి, మళ్లీ అదే మలుపుకు వచ్చి, అప్పుడు తీరిగ్గా సముద్రం వైపు దిగుతుంది. తొక్కేవాళ్లు దానికి ‘ముసలాయన మెలిక’ అని పేరు పెట్టారు. పిక్కలు పట్టేసి ఉన్నప్పుడు పెట్టిన పేరు కాబట్టి వాళ్లను తప్పు పట్టలేం.

ముసలాయన అంటే సైకిలు షాపాయన. నలభై ఏళ్ల కిందట ఆ దారిని ఒక చిన్న నోటుబుక్కులో రాసుకున్నది ఆయనే. ప్రతి మలుపు దగ్గరా రాయి ఎలాంటిదో రాసి, పక్కన ఒక సున్నా గీశాడు. కొన్ని సున్నాలు ఖాళీ, కొన్ని సగం నల్లన, కొన్ని నిండా నల్లన. సైకిలు సంఘం వాళ్లు అది చూసి మురిసిపోయి, నిండు సున్నా అంటే మంచి కంకర, ఖాళీ సున్నా అంటే చెత్త కంకర అని వాళ్లకు వాళ్లే తేల్చేసుకున్నారు. ఆ తర్వాత వేసిన పందొమ్మిది దారులకూ అవే గుర్తులు వాడారు. దారుల పుస్తకం ముందుమాటలో ‘శాస్త్రీయ పద్ధతి’ అని అచ్చు కూడా వేశారు. ఆయన అవుననలేదు, కాదనలేదు. ఆయనతో వచ్చిన చిక్కే అది.

ఆ పుస్తకానికి పటాలు గీసేది ఆయన కూతురు. నలభై ఒక్క ఏళ్లది, గుండ్రటి కళ్లద్దాలు. నాన్న ఆమెను ‘గుడ్లగూబా’ అని పిలుస్తాడు, అమ్మ వద్దని ఎన్ని తిట్లు తిట్టినా మానలేదు. కళ్లద్దాల వల్లే ఆ పేరు వచ్చిందని కూతురు అనుకునేది. కళ్లద్దాల కంటే పేరే ముందొచ్చిందన్న సంగతి ఆమెకు ఎప్పుడూ తట్టలేదు. నిద్ర కూడా ఆమెకు అంతంత మాత్రమే. మంచానికి అడ్డం పడి పైకప్పు చూస్తూ తెల్లవార్చడం ఆమెకు అలవాటైపోయింది.

సంఘం కార్యదర్శి పళ్ల డాక్టరు. పుచ్చిన పన్ను పీకేయాలన్నది ఆయన వృత్తి ధర్మం. దాన్నే దారులకూ వర్తింపజేస్తాడు.

“చూడమ్మా, కిందటేడు ఏం జరిగిందో నీకూ తెలుసు కదా,” అన్నాడు ఫోనులో. “ఆ మెలిక తిరిగేసరికి పొద్దు జారింది. పోటు వచ్చి ఒడ్డు దారంతా మునిగింది. పదకొండు మంది సైకిళ్లు ఒళ్లో పెట్టుకుని బండల మీద నాలుగు గంటలు కూర్చున్నారు. మెలికైనా తీసెయ్, లేదా మొత్తం దారినే తీసెయ్. సోమవారం పుస్తకం ప్రెస్సుకు వెళ్తుంది.”

ఆ మాట ఆమె నాన్నకు చెప్పింది. ఆయన వంగిన రిమ్ము బెండు తీస్తూ తల కూడా ఎత్తలేదు.

“మెలిక తీసేస్తే మొత్తం దారే తీసెయ్యమను.”

“అసలు ఆ మెలిక ఎందుకు పెట్టావు నాన్నా? ఒక్క కారణం చెప్పు, నేను ఆయనతో పోట్లాడతాను.”

“అదంతే.”

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనేవాళ్లను చూశాం. ఈయన కుందేలును చూపించడు కూడా. ఆమె వంటగదిలోకి వెళ్లి అమ్మను అడిగింది. అమ్మ ముప్పై ఏళ్లు ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది.

“నన్నడిగితే ఏం లాభమే? ఆ రోజుల్లో నాకు రాత్రి డ్యూటీలు. పొద్దున వచ్చి పడుకుంటే సాయంత్రం దాకా ఒళ్లు తెలిసేది కాదు. మీ నాన్న ఏ కొండలు పట్టుకు తిరిగాడో నాకేం తెలుసు?” అంది.

కూతురికి నిజంగానే భయం వేసింది. మోకాలు అరిగిపోయి నాన్న సైకిలెక్కి ఆరేళ్లయింది. వేరేవాళ్లు ఆ దారి తొక్కి వచ్చి, షాపు ముందు కూర్చుని దాన్ని తిట్టుకుంటుంటే విని నవ్వుకోవడమే ఆయనకు మిగిలిన షికారు. పుస్తకంలోంచి దారి పోయిందంటే తొక్కేవాళ్లుండరు. రెండు వానలకు పొదలు కమ్ముకుని అక్కడ దారి ఉండేదన్న ఆనవాలు కూడా మిగలదు. ఆ తర్వాత ఆయన ఏం విని నవ్వుకుంటాడు?

ఇంకో సిగ్గుమాలిన సంగతి కూడా చెప్పుకోవాలి. పటం గీసే ఈ మనిషి ఆ మెలిక ఎప్పుడూ ఎక్కలేదు. ఎప్పుడు వెళ్లినా బుద్ధున్నవాళ్లలాగే కుడివైపు దిగిపోయి, ఇంటికొచ్చి, నాన్న నోటుబుక్కు చూసి మెలికను గీసేసింది. శనివారం తెల్లారుతుండగా ఆ నోటుబుక్కు చొక్కా జేబులో పెట్టుకుని సైకిలెక్కింది. వేళకు సముద్రం చేరి చూపిస్తే డాక్టరు నోరు మూతపడుతుందని ఆమె ఆలోచన.

మంచు ఇంకా విడలేదు. ముందు చక్రం కనిపిస్తోంది, దాని ముందు పది అడుగుల దారి కనిపిస్తోంది, ఆ తర్వాత ఏమీ లేదు. తొక్కుతున్న కొద్దీ దారి అప్పటికప్పుడు తయారై టైరు కిందికి వస్తున్నట్టుంది. ఎక్కడో గొర్రెల మెడలో గంటలు మోగాయి గానీ గొర్రెలు కనబడలేదు. ఒక గేటు తెరిచి ఉంది. దానికి అటూ ఇటూ గోడ లేదు, ఉత్త గేటే. ఆమె దాంట్లోంచే వెళ్లింది.

మలుపుల దగ్గర ఆగి నోటుబుక్కు చూసుకుంటూ ఉంటే ఏదో తేడా కొట్టింది. ఏటి పక్క దారి అద్దంలా నున్నగా ఉంది, చక్రం చప్పుడే లేదు. నాన్న అక్కడ ఖాళీ సున్నా గీశాడు. గని వెనక దారిలో గుప్పెడంత రాళ్లు, పళ్లు కదిలిపోతున్నాయి. అక్కడ సగం సున్నా. దేవదారు చెట్ల కింద సన్నటి కంకర, గరగరమంటూ ఒకే శ్రుతిలో మోగుతుంది. అక్కడ నిండు సున్నా. నున్నటి దారిని చెత్త అనీ గరుకు దారిని మంచిదనీ అనే శాస్త్రం ఏ లోకంలోదో ఆమెకు అర్థం కాలేదు. ముప్పై ఏళ్లుగా ఇంతమంది తొక్కారు, ఒక్కరూ అడగలేదు. అచ్చులో ఉన్నదాన్ని ఎవరడుగుతారు?

ముప్పై నాలుగో కిలోమీటరు దగ్గర ఎడమకు తిరిగింది.

మెలిక ఆమె అనుకున్నట్టు లేదు. ఎత్తు ఉందో లేదో తెలియకుండా ఎక్కిస్తుంది. బఠాణీ గింజలంత కంకర, దారి పొడుగునా ఒకే తీరు. టైరు కింద ఒకటే చప్పుడు, హ్యాండిలు లోంచి అరచేతుల్లోకి, మోచేతుల్లోకి, దవడల్లోకి సన్నటి వణుకు. కొండ గుండ్రం కాబట్టి సముద్రం ఒకసారి కుడిపక్క కనిపిస్తుంది, మరోసారి మాయమవుతుంది, మళ్లీ ఇంకాస్త కిందికి దిగి కనిపిస్తుంది. మంచు తేలిపోయింది, ఎండ వీపు మీద వెచ్చగా పడింది. మూడో వంపు తిరిగేసరికి ఆవలింత వచ్చింది. నాలుగో వంపులో ఇంకోటి. ఎప్పుడో ఎక్కడో ఈ చప్పుడు విన్నానని ఆమెకు అనిపించింది, కానీ జ్ఞాపకం ఎంతకీ చేతికి చిక్కలేదు. కొండ నెత్తి మీద ఎవరూ వాడని ఒక గొర్రెల కొట్టం ఉంది. ఒక్క నిమిషం కూర్చుందామని దాని గోడకు చేరగిలింది.

లేచేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. రెండు గంటలు గడిచిపోయాయి. బోర్లా పడ్డ గిన్నెలాగా, కలలు కూడా లేకుండా పడుకుంది. ఎన్ని ఏళ్లయిందో అలా పడుకుని. లేచి కిందికి చూస్తే, కొట్టం ముందు నుంచి ఒడ్డంతా ఈ చివర నుంచి ఆ చివర దాకా కనబడుతోంది. దారి ఉండాల్సిన చోట నీళ్లు మెరుస్తున్నాయి. పోటు వచ్చేసింది. వేళకు చేరి చూపిస్తానని వచ్చిన మనిషి చేసిన ఘనకార్యం అది. ఆమెకు పకపకా నవ్వొచ్చింది. నోటుబుక్కు చివరి పేజీ తీసి చూసింది. కొట్టం దగ్గర నిండు సున్నా ఉంది, ఆ తర్వాత ఏమీ రాసి లేదు. సముద్రమే లేదు. ఇన్నాళ్లూ మెలిక గీస్తూ కూడా ఆమె అది గమనించలేదు. ఒడ్డు దారిని తర్వాత సంఘం వాళ్లు అతికించారన్నమాట. నాన్న దారి ఇక్కడికే.

సాయంత్రానికి షాపు చేరింది. నాన్న స్టూలు మీద కూర్చుని చైనుకు నూనె పెడుతున్నాడు.

“సముద్రం చేరావా?”

“లేదు నాన్నా. కొట్టం దగ్గర నిద్ర పట్టేసింది. సిగ్గుచేటు.”

“పడుతుంది,” అన్నాడు ఆయన, చైను తిప్పుతూనే. “నీకు అక్కడే పట్టేది. రెండు గంటలు.”

ఆమె సైకిలు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. తను ఎంతసేపు పడుకుందో ఇంకా చెప్పనే లేదు.

చైను ఆగింది. ఆయన చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు, తుడిచిందే మళ్లీ తుడిచాడు.

“ఏడాది పిల్లవి. ఇల్లెగిరిపోయేలా ఏడ్చేదానివి. మీ అమ్మ రాత్రంతా నిలబడి వచ్చేది పాపం, ఆవిడ పడుకోవాలి కదా. నిన్ను ముందు సీట్లో కట్టుకుని బయటికి పోయేవాణ్ని. నున్నటి దారెక్కామా, గుడ్లగూబలాగా కళ్లు తెరిచి నన్నే చూసేదానివి. కంకర మీదికి వస్తే కాస్త వాలేవి. ఏ రాయి మీద వాలేవో గుర్తుండాలని రాసుకున్నా.”

“అయితే ఆ సున్నాలు…”

“నీ కళ్లు.”

ఆమె నోటుబుక్కు తెరిచింది. తెరుచుకున్నవి, సగం వాలినవి, మూసుకున్నవి. పందొమ్మిది దారుల మీద, వందల మంది జేబుల్లో, తన కళ్లు.

“ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదు నాన్నా?”

“ఏం చెప్పను? అంతమంది సైన్సు సైన్సు అంటుంటే, కాదయ్యా మా పాప నిద్ర అని చెప్పమంటావా? ఆ పళ్ల డాక్టరు మొహం చూశావుగా.”

ఆమె కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి, దేన్నీ ఆపుకోలేదు. కాసేపయ్యాక బల్ల మీద పటం పరిచి, మెలికను ఎప్పటికంటే లావుగా గీసింది. కొండ మీద చిన్న కొట్టం బొమ్మ వేసి, పక్కన రాసింది: ‘ఇక్కడ ఆగండి. ఒడ్డు దారి ఇక్కణ్నించి మొత్తం కనిపిస్తుంది. నీళ్లుంటే ఒక కునుకు తీయండి. తగ్గాక దిగండి.’ బండల మీద సైకిళ్లు ఒళ్లో పెట్టుకోవడం కంటే అది నయమని పళ్ల డాక్టరు కూడా ఒప్పుకోక తప్పదు. గుర్తుల పట్టికలో ‘మంచి కంకర’ అన్నది కొట్టేసి, ‘నిద్ర పట్టే కంకర’ అని రాసింది.

నాన్న అది రెండుసార్లు చదువుకున్నాడు. చెవి వెనక పెన్సిలు తీసి, నోటుబుక్కు తన వైపు లాక్కుని, చివరి పేజీ తెరిచాడు.

“ఆవలింత ఎక్కడ మొదలైంది?”

“మూడో వంపులో.”

“అప్పుడూ అక్కడే,” అన్నాడు. ఆ రోజు తేదీ వేసి, కింద ఒక సగం సున్నా గీశాడు. దాని పక్కన ఇంకో సున్నా గీసి, అంచు దాటకుండా నిదానంగా నింపాడు.