పన్నెండో కుర్చీ

పవిత్ర గురువారం వస్తోందంటేనే నాకు నీరసం ముంచుకొస్తుంది. యేసు తన శిష్యుల కాళ్లు కడిగినట్టే ఆ రోజు పూజలో ఫాదర్ పన్నెండు మంది మగవాళ్ల కాళ్లు కడగాలి. ఆ పన్నెండు మందిని పోగు చేసే పని నాది. కుప్పంలో మగవాళ్లు తెల్లారకముందే రైలెక్కి బెంగళూరు పనులకు పోతారు, చీకటి పడ్డాక దిగుతారు. సాయంత్రం ఆరు గంటల పూజకు ఎక్కణ్ణుంచి తేను? గుడి నిండా ఆడవాళ్లే. వాళ్ల కాళ్లు పనికిరావు.

ఈ మాటే తొంభై ఎనిమిదిలో మదనపల్లె మహిళల సభలో అన్నాను. యేసు పాదాలను కన్నీళ్లతో కడిగింది ఒక ఆడమనిషి, ఆయన శిష్యుల కాళ్లు కడిగింది ఆ తర్వాతే, ఆ పని ఆమె దగ్గరే నేర్చుకున్నాడేమో అన్నాను. చప్పట్లు మోగాయి. నెల తిరక్కుండా పుంగనూరుకు మార్చారు. అక్కడ బైబిలు తరగతిలో మళ్లీ అన్నాను, కుప్పంలో పడేశారు. ఇంకోసారి నోరు జారితే బోధించే పనే ఉండదని మా మఠం పెద్ద మదర్ రాసిన ఉత్తరం నా పెట్టెలో ఉంది. నాకు యాభై ఎనిమిదేళ్లు. మళ్లీ మూటాముల్లే సర్దుకునే ఓపిక లేదు.

అయినా ఈ ఏడు సవరమ్మకు మాటిచ్చాను. ఇరవై ఏళ్లుగా గుడి ఊడ్చేది ఆమే. కుర్చీల్లో కూర్చునే పన్నెండు మంది కాళ్లకు చల్లగా తగలకూడదని, కడిగే నీళ్లు కాచి తెచ్చేదీ ఆమే.

"నన్నూ ఒక తూరి కూర్సోబెట్టు సిస్టరమ్మా, సచ్చేలోగా," అంది.

"మనిషి తక్కువైతే నీ కోసం ఫాదర్‌ను అడుగుతాను," అన్నాను.

గురువారం నాటికి పదకొండు మందే దొరికారు. సవరమ్మ మడమల పగుళ్లు రాయితో రుద్దుకుని, ఉతికిన చీర కట్టుకుని ముందు వరసలో కూర్చుంది. పీఠం ముందు పన్నెండో కుర్చీ ఖాళీగా ఉంది. ఆమె దాని వంక చూడలేదు, నా వంకే చూసింది.

ఫాదర్ రాయప్ప కుర్చీలు లెక్కపెట్టి, "ఒకరు తక్కువుండారే సిస్టర్?" అన్నాడు. చెడ్డవాడు కాదు. ఆ సాయంత్రమే ఇంకో ఊళ్లో పూజ ఉంది ఆయనకు.

అడగాల్సింది అప్పుడే. సవరమ్మ పేరు నాలుక మీదే ఉంది. పెట్టెలో ఉత్తరం గుర్తొచ్చింది. భుజాన తువ్వాలు సర్దుకుని ఊరుకున్నాను.

ఫాదర్ వాకిట్లోకి చూసి జీపు డ్రైవర్ లక్ష్మీపతిని పిలిచాడు. నుదుటన విభూతితో అతను చెప్పులు విడిచి లోపలికొచ్చాడు.

"నేను మీ మతం కాదు గదా సామీ?" అన్నాడు మొహమాటంగా.

"మొగోడివే గదప్పా. వచ్చి కూర్సో."

కూర్చున్నాడు, పాపం. సవరమ్మ కాచిన నీళ్లు చెంబుతో పోసింది నేనే, తువ్వాలు అందించిందీ నేనే. నాకు ఫాదర్ మీద కోపం రాలేదు, నా మీదే వచ్చింది.

పూజ అయ్యాక అందరూ వెళ్లిపోయారు. చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని సవరమ్మ తడి నేల తుడుస్తోంది. మిగిలిన నీళ్లు తీసుకుని ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చున్నాను.

"కాలు ఇట్లా పెట్టు సవరమ్మా, నేను కడుగుతాను."

ఆమె కాళ్లు వెనక్కి తీసుకుంది.

"వద్దులే సిస్టరమ్మా. కాళ్లు కడగమని నిన్ను నేనెప్పుడు అడిగితిని? ఫాదర్‌ను ఒక మాట అడగమంటి, అంతే గదా."

లేచి నిలబడ్డాను. సవరమ్మ బకెట్టులో గుడ్డ పిండి, నేను నిలబడిన చోటికే వంగింది.

"ఈడ కూడా తుడవాల. కాలు తియ్యి," అంది.

తీశాను.