చేతి అద్దం

మెడ మీది నురగ తుడిచి, అన్సెల్మ్ కత్తిని తోలుపట్టీ మీద రెండుసార్లు లాగాడు. కుర్చీలో ప్రొఫెసర్ మోర్వాన్ గడ్డం గుండెకు ఆనించి కునుకు తీస్తున్నాడు. పారిస్‌లోని ఈ సందులోనే ఇద్దరి జుట్టూ నెరిసింది. ఆయన నడినెత్తి ఆయన భార్యకన్నా అన్సెల్మ్‌కే బాగా తెలుసు.

పనయ్యాక వెనకనుంచి చేతి అద్దం పట్టి చూపించడం క్షౌరశాల మర్యాద. ఒకప్పుడు అందులో తన బట్టతల మచ్చ చూసి ప్రొఫెసర్ ఉలిక్కిపడ్డాడు. "ఏమోయ్, ఇది నన్నే చూస్తోందే!" అన్నాడు. ఆ తర్వాతే పుస్తకాలు మొదలయ్యాయి. మనిషి మూడో కన్ను నుదుట కాదు, నడినెత్తిన ఉందట. అది ఎదుటివాళ్ళను చూడదట, సూర్యుణ్ణే చూస్తూ మాడిపోతుందట. అన్సెల్మ్‌కి ఒక్క ముక్కా అర్థం కాలేదు గానీ, ఆ కన్ను పుట్టింది తన అద్దంలోనే కదా! కొత్త పుస్తకం వచ్చినప్పుడల్లా మొదటి పేజీలో తన పేరు వెతికేవాడు.

ఇవాళ శిష్యురాలు సొలాంజ్ కూడా వెంట వచ్చింది. కిటికీ దగ్గర కూర్చుని, కొత్త పుస్తకం అంకితం మురిపెంగా పైకి చదివింది.

"నా మూడో కన్నును నాకు చూపిన సొలాంజ్‌కి."

అన్సెల్మ్ దువ్వెనను ఠపీమని బల్ల మీద పెట్టాడు. నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల! ఏనాడైనా ఆ నెత్తిన దువ్వెన పెట్టిన మొహమేనా?

"అయిపోయింది, ప్రొఫెసర్ గారూ" అన్నాడు. అద్దం మేకుకే వేలాడుతోంది. ప్రొఫెసర్ లేవలేదు. ఎప్పటిలా తల కాస్త పక్కకు తిప్పి కూర్చున్నాడు.

"అద్దమేదోయ్?"

"ఆ అమ్మాయి చూపిస్తుందిగా!"

ప్రొఫెసర్ నెత్తి ఒకసారి తడుముకుని, టోపీ పెట్టుకుని సొలాంజ్‌తో వెళ్ళిపోయాడు. అన్సెల్మ్‌కి హాయిగానే అనిపించింది. ఆ తర్వాత వచ్చినవాళ్ళందరికీ కావాలని రెండేసిసార్లు అద్దం చూపించాడు.

సాయంత్రం దుకాణం మూసే వేళకు సొలాంజ్ గుమ్మంలో నిలబడింది. కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

"భోంచేసి కుర్చీలో ఒరిగారు, మళ్ళీ లేవలేదు. తల దువ్వడానికి మిమ్మల్నే పిలవమన్నారు మేడమ్ మోర్వాన్."

అన్సెల్మ్ సంచీ సర్దుకుని నడిచాడు. దారిలో ఆమె ఉండబట్టలేక అంది.

"పొద్దున ఇల్లు చేరేదాకా నెత్తి తడుముకుంటూనే ఉన్నారు. 'అన్సెల్మ్ అలిగాడే! వాడు అద్దం పట్టకపోతే ఆ కన్ను ఉందని నాకే నమ్మకం కుదరదు' అన్నారు. అప్పుడు మీ మీద ఎంత కుళ్ళు పుట్టిందో తెలుసా అన్సెల్మ్ గారూ?"

అన్సెల్మ్ సంచీని చంకలోకి లాక్కుని నడక పెంచాడు.

మంచం మీద పడుకోబెట్టిన ప్రొఫెసర్ తలను తడిపి, పాపిడి తీసి దువ్వాడు. అరచేత్తో మెల్లగా పైకెత్తి, వెనక అద్దం పట్టాడు. ఎప్పటికన్నా ఎక్కువసేపే పట్టాడు. తర్వాత కత్తెర, దువ్వెన సంచీలో వేసుకుని వెళ్ళిపోయాడు.

దిండు పక్కన, పొద్దున్నే ఎండ పడే కిటికీ వైపు తిరిగి, చేతి అద్దం ఉండిపోయింది.