నాలుగో వరస

స్నిగ్ధ వెండి నీళ్లు పోసి గోధుమ మొక్కలు పెంచేది. ఉత్తరాదిన, వసంత్ కుంజ్ దగ్గరి యూనివర్సిటీ గ్లాస్‌హౌస్‌లో. నేను అక్కడ మొక్కల పని చూసే మాలీని. పేరు కోటయ్య, మాది ఒంగోలు వైపు. అక్కడ పరిశోధన చేసే ఆ అమ్మాయిది తెనాలి. దగ్గర్లోని బేర్ సరాయ్‌లో గది తీసుకుని ఉండేది.

వెండి అంటే కంటికి కనపడేది కాదు. ఎంత సన్నటి రేణువులంటే, కలిపిన నీళ్లు తేనె రంగుకు తిరిగేవి, అంతే.

"ఇవి వేళ్లలోంచి లోపలికి పోతాయి తాతా. మొక్కలో పనంతా చేసేది ప్రోటీన్లు. వెండి వెళ్లి వాటికి అంటుకుందంటే చేతులు కట్టేసినట్టే."

"మరి చచ్చిపోదా?"

"ఎంతకి చస్తుందో చూడ్డానికేగా మనం ఉంది."

"మనం అనకు. నువ్వు."

నవ్వింది.

ఇసుక కుండీలు నాలుగు వరసలు. మొదటి వరసకు వెండి లేదు. నాలుగో వరసకు అన్నిటికంటే ఎక్కువ. వెండి ఒక్కసారే, తర్వాత రోజూ అన్నిటికీ తెల్ల క్యానులోని డిస్టిల్డ్ వాటర్, కుండీకి చిన్న గ్లాసుడు.

స్నిగ్ధకు జ్వరం వచ్చి మూడు రోజులు రాలేదు. "క్యానులో నీళ్లు తప్ప ఇంకేవీ పోయొద్దు తాతా" అని ఫోన్లో చెప్పింది. సరే అన్నాను.

రెండో రోజుకు నాలుగో వరస ఆకులు పసుపెక్కి వాలిపోయాయి. ముప్పై ఏళ్లు సేద్యం చేసి వచ్చినవాణ్ణి. ఆ చప్పిడి నీళ్లతో పైరుకు ఏం బలం వస్తుందనిపించింది. బోరు కుళాయి తిప్పి, ఆ వరసకంతా మగ్గుతో అడుగునుంచి కారేదాకా పోశాను. మర్నాడూ పోశాను.

వారానికి కొత్త ఆకు పచ్చగా లేచింది. జ్వరం తగ్గి వచ్చిన స్నిగ్ధ అన్ని వరసల మొక్కల వేళ్లు కోసి మంచులో పెట్టి నూరింది. ఏదో జిగురు పలకలో ప్రోటీన్లను విడదీసి, నీలం గీతలు తెచ్చి చూపించింది.

"నాలుగో వరస గీతలూ, మొదటి వరస గీతలూ ఒకేలా ఉన్నాయి చూడు. మొక్క వెండిని లొంగదీసుకుంది తాతా!"

నేను బోరు కుళాయి వైపు చూశాను.

"ఏంటి, నీకు నచ్చలేదా?"

"బాగున్నాయమ్మా."

ఆమె గైడు, పెద్ద సారు, వచ్చి చూసి "బహుత్ అచ్ఛా" అన్నాడు. శుక్రవారం సెమినార్లో అందరి ముందూ చెప్పమన్నాడు.

ఆ తర్వాత రోజూ బోరు నీళ్ల సంగతి చెబుదామని వెళ్లేవాణ్ణి. ఆమె కంప్యూటర్ ముందు కూర్చుని "ఒక్క నిమిషం తాతా" అనేది. నేను వచ్చేసేవాణ్ణి. ఆ ఒక్క నిమిషం ఆగొచ్చు. ఆగలేదు.

గురువారం మధ్యాహ్నం ఆమె గ్లాస్‌హౌస్‌లోకి వచ్చి ఫొటోలు తీస్తుంటే చెప్పాను.

"నాలుగో వరసకి బోరు నీళ్లు పోశానమ్మా. నువ్వు రానప్పుడు. రెండు రోజులు."

కెమెరా దించింది. "ఆ బోరు ఉప్పు కదా?"

"ఉప్పే. చాయ్ పెడితే పాలు విరిగిపోతాయి."

స్టూలు మీద కూలబడింది. "ఉప్పు తగిలితే వెండి ముద్దకట్టి ఇసుకలోనే ఉండిపోతుంది. ఇక ప్రోటీన్ దాకా పోనే పోదు. మొక్క ఏమీ చేయలేదు తాతా. చేసిందంతా నీ మగ్గే."

"వాడిపోతుంటే చూడలేక..."

"వాడతాయో లేదో చూడ్డానికే కదా వాటిని పెట్టింది!"

ఎప్పుడూ నా మీద గొంతెత్తని పిల్ల. తర్వాత చాలా నెమ్మదిగా అడిగింది.

"ఇంకెవరికైనా తెలుసా?"

"లేదు."

తలుపు వైపు చూసింది. నేనూ చూశాను. ఎవరూ లేరు. ఆమె ఊరుకోమంటే నేను చచ్చేదాకా నోరు తెరవను. ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలిసే కెమెరాలో ఫొటోలు ఒక్కొక్కటీ తిప్పి చూసింది.

చివరికి నోట్‌బుక్ తెరిచి, జ్వరం నాటి తేదీలు వెతికి, వాటి పక్కన బోరు నీళ్ల సంగతి రాసింది.

"నీ పేరు రాశాను. సారు నిన్ను ఇక్కణ్ణించి తీసేయొచ్చు."

"తీసేయనీ."

"సంతకం పెట్టు."

పెట్టాను. నాకు పేరు రాయడానికి సమయం పడుతుంది. ఆమె తొందరపెట్టలేదు. నోట్‌బుక్ మూసుకుని పెద్ద సారు గదికి వెళ్లింది.

మళ్లీ మొదటినుంచి విత్తాలి కదా అని నాలుగో వరసలో మొదటి కుండీ ఎత్తాను, ఇసుక పారబోద్దామని. ఈసారీ ఎవరూ చెప్పలేదు పారబొయ్యమని. కుండీ ఉన్నచోటే దించి, మెట్టు మీద కూర్చున్నాను.