నా సీటు ఎక్కడానికి నలభై ఏళ్ళు

నేను ఒక ఇరవై రెండు అంగుళాల సైకిల్ని. తుక్కుని కాదు. ఆ మాట ముందే ఎందుకు చెబుతున్నానంటే, పోయిన వారం మా అపార్ట్‌మెంట్ సెక్రటరీ కోదండపాణి గారు నా హ్యాండిల్‌కి ఒక కాగితం కట్టారు. "వాడకంలో లేని వస్తువు. ఆదివారం తుక్కుకి పంపబడును." వస్తువట! ఇన్నేళ్ళు మనుషుల్ని మోసినదాన్ని పట్టుకుని!

ఏదో ఫ్యాక్టరీ నుంచి విడి భాగాలుగా వచ్చిన నన్ను బండిగా బిగించింది రేపల్లెలో సైకిల్ షాపు మస్తాను. రైస్ మిల్లు గుమాస్తా వీరరాఘవయ్య గారు, కొడుకు శేషగిరి కాలేజీలో చేరాడని నన్ను కొన్నారు. దసరాకి పసుపు రాసి, బొట్టు పెట్టి, చక్రం కింద నిమ్మకాయ తొక్కించి, "మీ చెల్లెలు ముట్టుకోకుండా చూసుకోరా" అని కొడుక్కి చెప్పారు. ఆ రోజుల్లో ఊరంతా మాదే. సినిమా వదిలితే స్టాండులో ఎవరి సైకిల్ ఏదో వెతుక్కోవడానికే పావుగంట పట్టేది.

ముట్టుకోవద్దన్న ఆ చెల్లెలే భ్రమరాంబ. పన్నెండేళ్ళ పిల్ల. మధ్యాహ్నం అన్న నిద్రపోగానే నన్ను మెల్లగా నడిపించుకుంటూ మిల్లు వెనక ధాన్యం ఆరబోసే గచ్చు మీదికి తీసుకుపోయేది. సీటు అందదు కదా! అందుకని సీటుని చంకలో ఇరికించుకుని, నా అడ్డ కడ్డీ కిందనుంచి కాలు దూర్చి అవతలి పెడల్ తొక్కేది. దాన్ని దొంగతొక్కుడు అనేవారు. ఎన్నిసార్లు పడిందో, ఎన్ని అబద్ధాలాడిందో! అయినా నా మీద ఎక్కినవాళ్ళలో అంత సంతోషంగా తొక్కినవాళ్ళు మరొకరు లేరు.

సీటు అందే ఎత్తుకి ఎదిగిన ఏడాదే ఆ పిల్ల పెద్దమనిషయింది. ఇంకా సీటెక్కకముందే, దొంగతొక్కుడు తొక్కుతుండగా వాళ్ళమ్మ చూడనే చూసింది.

"ఒసేయ్, దిగవే! ఈడొచ్చిన పిల్లవి, సైకిలెక్కి ఊరేగుతావా? నలుగురూ ఏమనుకుంటారే?"

భ్రమరాంబ దిగింది. నన్ను స్టాండు వేసి, పరికిణీ అంచుతో సీటు తుడిచి లోపలికి వెళ్ళిపోయింది. నాకు ఒళ్ళు మండింది. ఆ మంట ఇప్పటికీ చల్లారలేదు.

శేషగిరికి స్కూటరొచ్చింది, తర్వాత కారొచ్చింది. నేను గుమాస్తా గారి పాలబడి, ఆయన పోయేదాకా మిల్లుకి తిరిగాను. పంపకాలప్పుడు "నీకేం కావాలమ్మా?" అంటే భ్రమరాంబ "నాన్న సైకిల్" అంది. అందరూ నవ్వారు.

అలా గుంటూరు చేరాను. ఆవిడ ఇక్కడ బళ్ళో లెక్కల టీచరు. ఏటా దసరాకి నన్ను కడిగి బొట్టు పెట్టేది గానీ ఎక్కేది కాదు. సెల్లార్‌లో నా చుట్టూ కార్లే. పిల్లల సైకిళ్ళు నాలుగున్నాయి, పాపం అవి గేటు దాటవు. రోడ్డు మీద ట్రాఫిక్ అని ఆ ట్రాఫిక్ చేసేవాళ్ళే పిల్లల్ని భయపెడతారు. ఇక సెక్రటరీ గారింటి హాల్లో చక్రాల్లేని సైకిల్ ఒకటుందట. రోజూ గంటసేపు చెమటలు కక్కుతూ తొక్కి, ఉన్నచోటే దిగుతారట. అదేమో బండి, నేనేమో తుక్కు!

కాగితం చూసి భ్రమరాంబ ఆయన్ని అక్కడే నిలబెట్టేసింది. "ఇది నడిచే బండేనండీ."

"ఎవరు తొక్కుతున్నారండీ, మీరా? ఆదివారం మన బిల్డింగు చుట్టూ ఒక్క చుట్టు తొక్కి చూపించండి, ఆ కాగితం నేనే చింపేస్తా."

"సరేనండీ" అంది. ఆ సాయంత్రమే నన్ను నడిపించుకుపోయి కొత్త ట్యూబులు వేయించింది.

ఆదివారం పొద్దున తుక్కు బండి గేటు ముందు ఆగి ఉంది. జనం పోగయ్యారు. చుడీదార్‌లో వచ్చిన భ్రమరాంబ నా హ్యాండిల్ పట్టుకుని, యాభై రెండేళ్ళ వయసులో, అడ్డ కడ్డీ కింద నుంచి కాలు దూర్చింది. ఆవిడకి వచ్చింది అదొక్కటే మరి! వంకర టింకరగా చుట్టు పూర్తిచేసింది. అందరూ పగలబడి నవ్వారు.

"ఇది లెక్కలోకి రాదండీ," అన్నారు కోదండపాణి గారు. "సీటు మీద కూర్చుని తొక్కాలి."

ఆవిడ మొహం ఎర్రబడింది. నన్ను నీళ్ళ సంపు గట్టు పక్కన నిలబెట్టి, గట్టెక్కి, కడ్డీ మీదుగా కాలు అవతలికి వేసింది. నలభై ఏళ్ళలో మొదటిసారి నా సీటు మీద ఆవిడ కూర్చుంది. అబ్బ, నా స్ప్రింగులు ఎంత గట్టిగా మూలిగాయో! ఊగాం, గోడకి గీసుకున్నాం, నిలదొక్కుకున్నాం.

చుట్టు పూర్తయినా ఆవిడ ఆగలేదు. నేరుగా గేటు వైపు తిప్పింది. సెక్రటరీ గారు వెనక పరిగెత్తుకొచ్చారు.

"మేడమ్, ఒప్పుకున్నామండీ! పడతారు, దిగండి! దిగండి!"

"దిగను!" అని అరిచింది భ్రమరాంబ.

వాచ్‌మన్ ఏసోబు గేటు బార్లా తెరిచాడు. నేను గణగణా బెల్లు కొట్టుకుంటూ తుక్కు బండిని దాటి రోడ్డెక్కాను. కాగితాన్ని ఆయన చింపనక్కర్లేకపోయింది, దారిలో గాలికే ఊడిపోయింది.