వెనక్కి పిలిచిందట

కామరాజు గొంతు సవరించుకున్నాడంటే కథ మొదలైనట్టే. నాగశ్రీకి ఒళ్లు మండిపోయింది.

చీపురుపల్లి వైపు చుట్టాలెవరో ఆటో దిగి షామియానా కిందికి వచ్చి కూర్చున్నారు. ఆడవాళ్లు లోపలికెళ్లి నాగశ్రీ తల్లి కనకరత్నాన్ని పట్టుకుని ఏడ్చారు. కాసేపయ్యాక ఒక పెద్దాయన "ఎలగైందిరా నాయనా?" అని అడిగాడు. అలా అడగకపోతే పరామర్శకి వచ్చినట్టు కాదు. అడిగాక మొదట్నుంచీ చెప్పకపోతే ఇంటివాళ్లకి మర్యాద కాదు. తిరుమలరావు పోయిన నాటి నుంచి కూర్మన్నపాలెంలోని ఈ సందులో ఆ చెప్పే పని బావమరిది కామరాజు మీద పడింది. పడిందేమిటి, లాక్కున్నాడు.

తిరుమలరావు కూతురు నాగశ్రీ దగ్గర్లోని ప్రైవేటు బడిలో తెలుగు చెబుతుంది. కథ రాయమంటే నోరెళ్లబెట్టే పిల్లలకి వేళ్లు మడిచి చూపిస్తుంది. ఎవరి కథ, ఎక్కడ జరిగింది, ఆ మనిషికి ఏం కావాలి, ఏం అడ్డొచ్చింది, చివరికి ఏమైంది. ఇవి లేకపోతే అది కథ కాదర్రా, కబురు అంటుంది. మావయ్యకి ఇవన్నీ ఎవరూ నేర్పలేదు, పుట్టుకతో వచ్చాయి. వాటిని తీసుకొచ్చి ఇప్పుడు నాన్న చావు మీద వాడుతున్నాడు.

మొదటిరోజు కథ చిన్నదే. లోడు ఎత్తుతుంటే తాడు తెగింది, బావ కింద ఉన్నాడు. అంతే చెప్పి భోరుమన్నాడు. ఆ ఏడుపు నిజం, నాగశ్రీ కాదనదు. మర్నాటికి నాన్న టిఫిన్ తినకుండా వెళ్లినట్టయింది. ఆ మర్నాడు గోడ మీద కాకి వచ్చి చేరింది. వినేవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకుంటుంటే మావయ్యకి ఊపొచ్చింది. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో పట్టుబడింది. కానీ ఒక్క లోటు మిగిలిపోయింది. అంత మంచి మనిషికి ఇలా ఎందుకైందని ఎవరైనా అడిగితే చెప్పడానికి ఏమీ లేదు. అదీ పుట్టించాడు.

"బండి స్టార్ట్ సేసీసాడు బావ," అంటున్నాడిప్పుడు పెద్దాయనతో. "గేటు దాటీసాడు. కేరేజీ మరిసిపోయాడని మా అప్ప ఎనకాల్నుంచి 'ఏవండీ' అని పిలిసింది. ఎల్లే మనిసిని ఎనక్కి పిలవకూడదు కదా? దానికి మాత్రం ఏటి తెలుసు? బావ ఆగాడు. తిరిగి దాన్ని సూసి నవ్వాడు. అదే ఆకరి నవ్వు."

ఆడవాళ్లు ఒక్కసారిగా గొల్లుమన్నారు. అందరి చూపులూ గుమ్మం లోపల గోడకి ఆనుకుని కూర్చున్న కనకరత్నం మీదికి వెళ్లాయి. ఆ చూపుల్లో జాలి ఉంది. జాలి ఒక్కటే ఉంటే నాగశ్రీకి ఇంత కోపం వచ్చేది కాదు.

పచ్చి అబద్ధం. ఆ వేళకి అమ్మ సందు చివర కొళాయి దగ్గర బిందెలతో ఉంది. క్యారేజీ నాన్న చేతికిచ్చింది నాగశ్రీ. ఎవరూ ఎవరినీ వెనక్కి పిలవలేదు. ఈ మాట మొదటిసారి విన్నప్పుడు అమ్మ కూడా తమ్ముడి మొహంలోకి వింతగా చూసి, "నానెప్పుడు పిలిసానురా?" అంది. పూటపూటా అదే వినగా వినగా అడగడం మానేసింది. ఇప్పుడు కంచం ముందు పెడితే ముట్టుకోదు. "నాను పిలవకపోతే బతికుండునే" అని గోడకి చెప్పుకుంటుంది.

ఆటోనగర్ వెనక ఒక షెడ్డులో ఇనప దూలాల్ని క్రేనుకి తగిలించే పని నాన్నది. వాటికి చుట్టే ఇనప తాడు పోగులు లేచిపోయింది, మార్చండి అని ఎన్నోసార్లు అడిగాడు. ఈ ఒక్క లోడూ కానివ్వమన్నాడు సూపర్‌వైజర్ వీరేంద్ర. ఆ మహానుభావుడు ఇదిగో, యాపిల్ పళ్ల కవరు పక్కన పెట్టుకుని మొదటి వరస కుర్చీలో ఉన్నాడు. రోజూ వస్తాడు. కాకి దగ్గర కళ్లు మూసుకుంటాడు. వెనక్కి పిలిచిన చోట తల పంకించి, "రాసిపెట్టి ఉందండి, ఎవరేం చేస్తారు" అంటాడు. ఎందుకనడు! ఈ కథలో కాకితో సహా అందరూ ఉన్నారు. వాడొక్కడే లేడు.

చీపురుపల్లి వాళ్లు, వెళ్లొస్తామని చెప్పకూడదు గనక, చెప్పకుండానే లేచి వెళ్లిపోయారు. నాగశ్రీ మావయ్యని పెరట్లో నీళ్ల డ్రమ్ము దగ్గరికి లాక్కెళ్లింది.

"ఏటి నువ్వు సేత్తన్నది? అమ్మ కొళాయి కాడుందని నీకు తెల్దా?"

కామరాజు తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "ఒలే, ఊరికే తాడు తెగిందంటే ఎవలింటారే? ఓ కారణం ఉండాల. నువ్వే గదా పిల్లలకి సెప్తావు."

"కారణం ఉంది. యాపిల్ పళ్లు అట్టుకొచ్చి కూకుంది."

"గట్టిగా మాటాడకు. నీకు ఆఫీసులో ఉద్యోగం ఏయిత్తానంటన్నాడు. ఆయన్ని కతలో ఎడితే మనకేటి మిగుల్తాది?"

"అందుకని అమ్మని ఎట్టీసావు! ఆవిడైతే తిరిగి ఏటీ అనదని!"

కామరాజు చూపు తప్పించి డ్రమ్ములోంచి నీళ్లు ముంచుకున్నాడు. అంటే తెలిసే చేశాడు. కొట్టాలన్నంత కోపమొచ్చింది నాగశ్రీకి.

ఇంతలో గోపాలపట్నం నుంచి నాన్న మేనత్త సన్యాసమ్మ వచ్చింది. అమ్మ దగ్గర కూర్చుని ఏడ్చి, బయటికొచ్చి కుర్చీలో కూలబడి, "ఎలగైందే తల్లీ?" అంది. కామరాజు గొంతు సవరించుకున్నాడు.

"నాను సెప్తాను," అంది నాగశ్రీ.

ఆ పొద్దుటి నుంచి మొదలుపెట్టలేదామె. అక్కడ మొదలుపెడితే మళ్లీ కాకే వస్తుంది.

"పోయిన నెల్లో ఓనాడు నాన్న డ్యూటీ నుంచొచ్చి సెయ్యి సాపాడు మామ్మా. తాడు పోగు ఇరిగి అరసేతిలో దిగిపోయింది. పిన్నీసుతో నానే తీసాను. మార్చమంటే మార్చట్లేదే అన్నాడు. తరవాత రెండో సేతిలోంచి తీసాను. నాన్న పోయిన రోజు కూడా అడిగాడు, ఆ పక్కనున్నోలు నాకు సెప్పారు. ఈ లోడు కానీ, రేపు సూద్దాం అన్నారంట."

వీరేంద్ర లేచాడు. "ఇప్పుడవన్నీ ఎందుకమ్మా? పోయినాయన తిరిగొస్తారా అండి?"

"కూకోండి. ఇంకా అవ్వలేదు." నాగశ్రీ గొంతు సందు చివరిదాకా వినపడింది. "మా అమ్మ ఎవల్నీ ఎనక్కి పిలవలేదు. ఆ టైముకి ఇంట్లోనే లేదు."

ఇక అమ్మ తేలికపడుతుందనుకుని గుమ్మం వైపు తిరిగింది. కనకరత్నం తల అడ్డంగా ఊపుతోంది.

"పిలిసాను."

"లేదమ్మా, కొళాయి కాడ..."

"పిలిసానే. ఆగాడు. నా ఏపు తిరిగి నవ్వాడు. నా నుంచి ఆ నవ్వు మాత్రం తీసీకే."

నాగశ్రీకి అప్పుడర్థమైంది. అమ్మ బిందెలతో తిరిగొచ్చేసరికి నాన్న వెళ్లిపోయాడు. ఆ రోజు అమ్మ ఆయన్ని చూడనే లేదు. మావయ్య అల్లిన ఆ ఒక్క నవ్వే ఆవిడకి దక్కిన చివరి చూపు. దానికోసం మొగుణ్ణి చంపుకున్నానన్న నింద కూడా మోయడానికి సిద్ధపడింది. మావయ్య మీద కోపం రెండింతలైంది, కానీ ఆ నవ్వుని అమ్మ దగ్గర్నుంచి లాక్కోవడం నాగశ్రీ వల్ల కాలేదు.

మూలన కూర్చోవలసిన కనకరత్నం లేచింది. గుమ్మం దాటకూడదని ఎవరో అంటున్నా దాటింది. షామియానా కిందికి వచ్చి వీరేంద్ర ఎదురుగా నిలబడింది.

"బాబూ, ఆడమనిసిని, నాను పిలిత్తేనే ఆగాడు. సూపర్‌వైజర్‌వి, నువ్వాగమంటే ఆగడా? ఎందుకు ఆగమన్లేదు?"

వీరేంద్ర "అమ్మగారూ, అదీ..." అన్నాడు.

సన్యాసమ్మ కళ్లు చికిలించి చూసింది. "ఈ బాబెవలే?"

"ఈయనే మామ్మా," అంది నాగశ్రీ. "ఆ లోడు ఎత్తమన్నాయన."

వీరేంద్ర గేటు వైపు చూశాడు. దారిలో కుర్చీలు వేసుకుని కూర్చున్న మగవాళ్లు ఒక్కరూ కాళ్లు ముడుచుకోలేదు. ఆయన చెప్పేది వినడానికి అలాగే కూర్చున్నారు.