ఎర్రనీళ్ళలో పండుగప్ప

ఆ ఆదివారం తెల్లారేసరికి ఆకాశం రెండు ముక్కలుగా ఉంది. పడమట కొండల మీద నల్లగా దిగి ఉంది. సముద్రం వైపు తెల్లగా, పలచని గంజిలా ఉంది. మా మీద చినుకు లేదు, గాలీ లేదు. వాన ఎక్కడో పైన, ఒడిశాలో పడుతోంది. పైన పడితే మా ఏట్లోకి ఎర్రనీళ్ళు వస్తాయి. అవి దిగి అప్పటికి నాలుగు రోజులైంది.

ఎర్రనీళ్ళు దిగిన రోజు నుంచి ఏరు తేటపడేవరకు మా ఇంట్లో గాలం చూరులోంచి దిగదు. మా అయ్య పెట్టిన పద్ధతి అది. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గరికి పండుగప్ప చేపలు గుడ్లు పెట్టడానికి వచ్చేది ఆ రోజుల్లోనే. రెండు మూరలు దాటిన పండుగప్పలని మా అయ్య కోశాడు, నేనూ కోశాను. వాటిలో మగది ఒక్కటీ కనబడలేదు. అంత పెద్దదైందంటే అది తల్లే. అందుకని ఆ నెలన్నర గాలం ముట్టుకోం. మిగతా కాలంలో పడితే, చిన్నదైనా పెద్దదైనా ఇంటికి తెచ్చి తింటాం.

ఈ ఏడు ఏటి గట్టు మీద ఒక బోర్డు వెలిసింది. ‘రెండడుగులు దాటిన పండుగప్పను పట్టినవారు తిరిగి నీటిలో వదలవలెను.’ పాతించినవాడు ధర్మేంద్ర, మా ఆవిడకి అన్న కొడుకు. గరివిడిలో ఫ్యాక్టరీ పని మానేసి వచ్చి, విశాఖపట్నం నుంచి సరదాకి గాలం వేసుకునేవాళ్ళని ఆదివారాలు నావ మీద తిప్పుతున్నాడు. వాళ్ళు పడతారు, ఫొటో తీసుకుంటారు, వదిలేస్తారు. బోర్డుతోపాటు ఒక కాగితం కూడా తయారైంది. పెద్ద చేపని ఇంటికి తీసుకెళ్ళినవాడు మరి ఏట్లో గాలం వేయకూడదని రాసి, ఊరందరిచేతా సంతకాలు పెట్టించారు. నేనొక్కణ్ణే పెట్టలేదు. చేపల సంఘం పెద్ద గంగులు ఆ కాగితం పట్టుకుని మూడుసార్లు మా గుమ్మానికి వచ్చాడు.

“ఏటి నీ పట్టుదల, అప్పలసూరీ? ఊరంతా ఎట్టీసినారు,” అన్నాడు మూడోసారి.

“ఊరంతా సదివి ఎట్టినారా?”

“సదవడానికేటుంది? మంచిదే రాసినారు.”

“మంచిదైతే నా సంతకం లేకపోయినా మంచిదే ఉంటాది.”

“ఎటకారాలొద్దు. ఆదివారం దాకా సూస్తాను. తరవాత నువ్వు ఆ గట్టు మీద గాలంతో కనపడకూడదు.”

నలభై ఏళ్ళుగా నేను కూర్చున్న గట్టు అది. అది నాదని చూపే కాగితం ఏమీ లేదు నాకు. ఏ రాయి పక్కన ఎంత లోతో, ఏ నెలలో సుడి ఎటు తిరుగుతుందో తెలుసు, అంతే.

ఆదివారం మా ఊడుపులు. మా మడి ఏటిని ఆనుకునే ఉంది. ఆడవాళ్ళు వంగి నాటుతుంటే నేను ఆకుమడి నుంచి నారు కట్టలు మోస్తున్నాను. మడిలో నీళ్ళు కాళ్ళకి కాలుతున్నాయి. ఏట్లో ధర్మేంద్ర నావ కనిపించింది. అందులో విశాఖపట్నం నుంచి వచ్చే మోహనకృష్ణ గారు. ఇంజనీరుగా చేసి రిటైరైన మనిషి. మంచాయనే. దారిలో ఎదురైతే ముందు తనే నమస్కారం పెడతారు.

పొద్దు నెత్తికెక్కే వేళకి ఆయన గాలం కర్ర వంగింది. చాలాసేపు వంగే ఉంది. చేప లాగడం, ఆయన చుట్టడం, మళ్ళీ లాగడం. చివరికి వలసంచిలో పైకెత్తారు. నేను కట్టలు దించకుండానే నిలబడి చూశాను. పది కిలోలకి తక్కువ ఉండదు. కడుపు బరువుగా ఉంది.

దవడకి కొక్కెం తగిలించి తూచారు. తరవాత ఫొటోలు. టోపీతో ఒకటి, టోపీ లేకుండా ఒకటి. ధర్మేంద్ర పట్టుకుని ఒకటి. నేను ఆకుమడికి వెళ్ళి కట్టలు తెచ్చి పడేసి, మళ్ళీ వెళ్ళి తెచ్చాను. రెండుసార్లు చూసినా చేప గాలిలోనే ఉంది.

నీళ్ళ మీద మాట బాగా వినిపిస్తుంది.

“గొంతులోకి మింగేసింది సార్,” అన్నాడు ధర్మేంద్ర.

“లాగకు, చచ్చిపోతుంది. దారం కత్తిరించెయ్. గాలం కొన్నాళ్ళకి తుప్పుపట్టి అదే రాలిపోతుంది,” అన్నారాయన.

మెల్లగా, పసిబిడ్డని పడుకోబెట్టినట్టు నీళ్ళలో పెట్టారు. అది తోక ఆడించింది, మునిగింది. ఇద్దరూ చప్పట్లు కొట్టుకున్నారు.

నేను మాత్రం ఏటి వైపే చూస్తున్నాను. ఆటు మొదలైంది, నీళ్ళు మొగ వైపు లాగుతున్నాయి. మొగలి పొదల దగ్గర ఏరు వంపు తిరుగుతుంది. పైనుంచి కొట్టుకొచ్చేది ఏదైనా, కొబ్బరి మట్టయినా కోడి పిల్లయినా, అక్కడే ఆగుతుంది. ఆడవాళ్ళు అన్నాలకి గట్టెక్కగానే నేను అటు నడిచాను.

అక్కడే ఉంది. కడుపు పైకి తిరిగి తెల్లగా తేలుతోంది. పొద మీద గద్ద కూర్చుని చూస్తోంది. దగ్గరికి వెళితే మొప్ప ఒకసారి లేచింది. చాలాసేపటికి మళ్ళీ లేచింది. తిప్పి, ఎదురునీటికి మూతి పెట్టి, నడుం లోతులో నిలబడి పట్టుకున్నాను. వదిలితే మళ్ళీ వెల్లకిలా పడింది. మూడుసార్లు చూశాను. అప్పుడు గట్టుకి తీసి, మెడ వెనక రాయితో ఒక్కటి కొట్టాను. దాన్ని గద్దకి అలా వదలడం నావల్ల కాలేదు.

నోట్లోంచి జానెడు నారింజ రంగు దారం వేలాడుతోంది. దాన్ని లోపలికి తోసి మూతి మూశాను. మొప్పల్లోంచి తాడు దూర్చి భుజాన వేసుకున్నాను. మడి గట్టు వెంట వెళితే ఎవరి కంటా పడను. రోడ్డు మీదినుంచే వెళ్ళాను.

బోర్డు పక్కన టీ బడ్డీ. గంగులు, ధర్మేంద్ర, మోహనకృష్ణ గారు, ముగ్గురూ గ్లాసులు పట్టుకుని ఉన్నారు. చేప తోక నా పిక్కలకి తగులుతోంది.

“సూసినారా సార్,” అన్నాడు గంగులు. “బోర్డు ముందునుంచే తెస్తన్నాడు.”

ధర్మేంద్ర గ్లాసు దించాడు. “ఏటి మావా ఇది? ఎర్రనీళ్ళలో గాలం ఎయ్యనని ఊరందరికీ సెప్తావు కదా.”

“ఎయ్యలేదు.”

“మరి అదే ఎగిరొచ్చి నీ బుజమ్మీద పడ్డాదా?” అన్నాడు గంగులు.

“నన్ను సూసి ముచ్చటపడినాది.”

టీ బడ్డీవాడు నవ్వాడు. మోహనకృష్ణ గారు నవ్వలేదు. ఆయన ముఖం నిజంగానే వాడిపోయింది.

“అప్పలసూరి గారూ, అంత పెద్దది ఏటా లక్షల గుడ్లు పెడుతుంది. ఒక్క పూట కూర కోసం...”

“తెల్సు బాబూ.”

“తెలిసీ చంపారా?”

“సంపేను,” అన్నాను. రాయితో కొట్టింది నేనే కదా.

దారం చూపిస్తే ఆ నిమిషమే తేలిపోయేది. కానీ బోర్డు ముందు నిలబడి చేప నోరు తెరిచి చూపించడమంటే నమ్మమని బతిమాలుకున్నట్టే. నా ఏటి దగ్గర నేనెవరినీ బతిమాలను.

గంగులు జేబులోంచి కాగితం తీశాడు. “తప్పయిందని రాసి సంతకమెట్టు. లేకపోతే ఇవాళ్టితో నీకూ ఏటికీ సెల్లు.”

“అలాగే. కాగితం పట్టుకుని ముగ్గురూ ఇంటికి రండి. అన్నాలు కూడా అక్కడే.”

“సార్ పెద్ద చేపలు తినరు మావా,” అన్నాడు ధర్మేంద్ర.

“తినకపోతే సూస్తారు. రమ్మను.”

వచ్చారు. సంతకం కోసం గంగులు వచ్చాడు. మోహనకృష్ణ గారు కోపంతో వచ్చారు. అత్త ముఖం ఎలా చూడాలా అనుకుంటూ ధర్మేంద్ర వచ్చాడు.

మా ఆవిడ చిన్నతల్లి చేపని చూసింది, తరవాత నన్ను చూసింది. చూరులో గాలం ఉందా లేదా అని పైకి కూడా చూసింది. ఉంది. చేతికి బూడిద రాసుకుని కత్తిపీట ముందు కూర్చుంది. ముగ్గురూ అరుగు మీద కూర్చున్నారు. గంగులు కాగితం మడత విప్పి, కలం మూత తీసి సిద్ధంగా పెట్టాడు.

తల కోస్తుంటే దారం బయటికొచ్చింది. చిన్నతల్లి పట్టుకుని లాగింది, రాలేదు. గొంతు చీల్చి వేళ్ళు పెట్టి తీసింది. నీలం రంగు ప్లాస్టిక్ చేప బొమ్మ. కింద మూడు కొక్కేలు, ఒకటి మొప్ప మూలంలో గుచ్చుకుని నలుపెక్కిన నెత్తురుతో సహా వచ్చింది.

“ఒరే ధర్మేంద్రా,” అంది మా ఆవిడ, “ఇది నీ బొమ్మే కదేట్రా? మొన్న మా గూట్లో ఎట్టి, ముట్టుకోకత్తా గుచ్చుకుంటాదన్నావు.”

ధర్మేంద్ర కాళ్ళ వైపు చూసుకున్నాడు. ఆమె బొమ్మని కడిగి అరుగు మీద, కాగితం పక్కన పెట్టింది. తరవాత కడుపు కోసింది. రెండు గుడ్ల సంచులు, మోచేతి పొడుగున, పసుపుపచ్చగా పళ్ళెంలోకి జారాయి.

మోహనకృష్ణ గారు బొమ్మని చేతిలోకి తీసుకున్నారు. తెగిన దారం కొసని వేళ్ళతో నలిపారు.

“తోక ఆడించి వెళ్ళిందే,” అన్నారు.

“ఎల్లింది బాబూ. మొగలి పొదల దాకా ఎల్లింది.”

“మేం వదిలినవాటిలో చాలావరకు బతుకుతాయి. మీరు ఇంటికి తెచ్చింది ఒక్కటీ బతకదు. అది ఒప్పుకుంటారా?”

న్యాయమైన మాటే. “ఒప్పుకుంటాను,” అన్నాను. “మార్గశిరంలో ఇంతదాన్నే తిన్నాను. అదీ తల్లే. కాదనను. కానీ తిందామని పట్టినాను. మీరు దేనికి పట్టినారు? సలికాలంలో వదిలితే బతుకుతాదేమో, నాకు తెలీదు. ఇప్పుడు నీళ్ళు కాళ్ళకి కాల్తన్నాయి, కడుపు నిండా గుడ్లున్నాయి. దవడకి కొక్కేసి గాల్లో నిలబెట్టినారు. నేను రెండుసార్లు కట్టలు మోసినంతసేపు.”

“చూస్తూనే ఉన్నారా?”

“మడి అక్కడే కదా బాబూ.”

“కేకేసి చెప్పొచ్చు కదా.”

కేకేసి ఉండొచ్చు. వేయలేదు. సంతకం పెట్టనివాడి మాట ఎవరు వింటారనుకున్నానేమో. అది నా తప్పు కిందే ఉంచుకున్నాను.

గంగులు గొంతు సవరించుకున్నాడు. “తప్పయిందని ఎవరు రాయాలో మరి,” అని కలానికి మూత పెట్టబోయాడు.

“ఇటియ్యి,” అన్నాను.

కాగితం తిరగేసి తొడ మీద పెట్టుకున్నాను. ఐదో తరగతి చదువు నాది, మెల్లగా రాస్తాను. ‘ఎర్రనీళ్ళు దిగినప్పటి నుంచి ఏరు తేటపడేవరకు ఎవరి గాలమూ పడకూడదు. తక్కిన కాలంలో పట్టినవాడు తినవచ్చు.’ కింద సంతకం పెట్టి ధర్మేంద్ర ముందుకి తోశాను.

వాడు చదివాడు. రెండోసారి కూడా చదివాడు. “పెద్దవి వచ్చేది ఇప్పుడే మావా. సార్‌వాళ్ళు వచ్చేదీ ఇప్పుడే. నా పనంతా ఈ నెలన్నరే.”

“అందుకే రాసినాను.”

“మరి నేనేటి సెయ్యను?”

“నావ ఉంది. తేటపడ్డాక తిప్పు. సంతకమెట్టమని నీ గుమ్మానికి మూడుసార్లు రాను నేను. ఎడితే ఎట్టు, లేకపోతే లేదు. గట్టు మీద మాత్రం నేను కూర్చుంటాను. ఎవులు లేపుతారో సూస్తాను.”

లోపల దాకలో పులుసు ఉడికింది. చింతపండు వాసన అరుగు మీదికొచ్చింది. చిన్నతల్లి నాలుగు అడ్డాకులు వేసి, నీళ్ళు చల్లి, మోహనకృష్ణ గారి వైపు చూసింది. ఆయన లేచి, గోలెం దగ్గర చేతులు కడుక్కుని, వచ్చి ఆకు ముందు కూర్చున్నారు.

కాగితం ఎగిరిపోకుండా ధర్మేంద్ర దాని మీద నీలం బొమ్మని బరువు పెట్టాడు. వాడూ వచ్చి కూర్చున్నాడు. మా ఆవిడ తలకాయ వాడి ఆకులో వేసింది. గుడ్ల వేపుడు నలుగురికీ సమంగా పెట్టింది. ఆయన ఆకులో కూడా. వద్దని ఆయన అనలేదు.

పడమటి మబ్బు అప్పటికి మా మీదికి వచ్చింది. ముళ్ళు తీసి ఆకు అంచున పెట్టుకుంటూ నలుగురం తిన్నాం. తల్లిచేప మాంసం ముదురుగా ఉంది, నమలడానికి సేపు పట్టింది.