తడి పడుగు

గంజి పట్టిన పడుగును, అంటే మగ్గానికెక్కే నిలువు పోగులను, వదిలి ఎవరూ కదలరు. ఎండ ముదిరేలోగా కుంచెతో తోయకపోతే పోగులన్నీ అతుక్కుపోతాయి, వాటితో నేయాల్సిన చీరలన్నీ మట్టిపాలే. సిద్దిపేటలోని ఆ నేతవాడలో చావు కబురు వచ్చినా కుంచె పని ముగించే లేస్తారు.

ఆ సంగతి బాగా తెలుసు కాబట్టే నరహరి ఆ పొద్దున వీధిలో పడుగు పరిచాడు. మధ్యాహ్నం హైదరాబాద్‌లో అతని భార్య ప్రసూనకు పిహెచ్‌డి ఇంటర్వ్యూ ఉంది.

నరహరి కడుపుమంట ఈనాటిది కాదు. ఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ చేసి ముందుగా ప్రవేశ పరీక్ష రాసింది తనే. తప్పాడు. రెండోసారి, ప్రయాణానికి తోడుంటుందని ఎమ్మే చదివిన భార్య చేత కూడా సోషియాలజీకి దరఖాస్తు పెట్టించాడు. తను మళ్లీ తప్పాడు, ఆమె గట్టెక్కింది. అప్పటికే నేతవాడంతా అతన్ని డాక్టర్ సాబ్ అంటోంది. అలా పిలిపించుకున్నదీ అతనే. అందుకే భార్య సంగతి ఎవరికీ చెప్పలేదు, ఆమెనూ చెప్పనివ్వలేదు. పైగా ఆమె ఎంచుకున్న అంశం నేతింటి ఆడవాళ్ల చాకిరీ. కండెలకు నూలు చుట్టేది, గంజి పట్టేది ఆడవాళ్లు. చీర కూలి మాత్రం మగ్గం మీద కూర్చున్న మగవాడి చేతికే వస్తుంది. ఊరందరికీ తెలిసిన ఈ మాటకు డాక్టరు పట్టా ఏమిటని అతని ఉక్రోషం.

"ఎనిమిదిన్నర బస్సు పోతే నాకు ఇంటర్వ్యూ అందది. ఎదురింటి ఇస్తారన్నను పిలువు, నా జాగల నిలవడుతడు" అంది ప్రసూన కుంచె తోస్తూనే.

"ఏమని పిలువాలె? నా పెండ్లాం డాక్టరయితానికి పోతున్నదనా?"

"అట్లనే అను. అబద్ధమా?"

"తడి పడుగు ఇడిసి పోతవా? వచ్చే ఏడు పోదువు తియ్."

పడుగు అవతలి కొసన ఉన్న అతని తల్లి కొండవ్వ తలెత్తింది. "ఎల్లుండి పరుస్తనంటివి గదరా నరహరీ. ఇయ్యాలనే గంజి ఎందుకు కాసినవ్?"

నరహరి వంగి తడి పోగులు సర్దసాగాడు. ప్రసూన చేతిలో కుంచె ఆగింది. తనను కట్టేయడానికే ఈ పడుగు పరిచాడని అప్పుడు అర్థమైంది. ఆమెకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది.

"నేనంటే గింత ఓర్వలేనితనమా నీకు?"

"ఓర్వ. ఏంజేస్తవ్? ముందు రాసింది నేను!"

ప్రసూన కుంచె అరుగు మీద పెట్టింది. బకెట్‌లో చేతులు కడుక్కుంది. "ఇన్నేండ్లు తోసిన. ఇయ్యాల తొయ్య" అని సంచి భుజాన వేసుకుని సందు మలుపు తిరిగిపోయింది.

ఎండ గోడ దిగి పడుగు కొస మీద పడింది. అక్కడి పోగులు అప్పుడే బిగుసుకుంటున్నాయి. మోకాళ్ల నొప్పులతో కొండవ్వ ఎంతని తోయగలదు?

"ఇస్తారన్నా! జర ఉరికిరా!" అని నరహరి కేకేశాడు.

ఎదురింటి ఇస్తారి లుంగీ ఎగగట్టుకుంటూ వచ్చి అరుగు మీది కుంచె అందుకున్నాడు.

"గిదేంది డాక్టర్ సాబ్? తడి పడుగు ఇడిసి ప్రసూన ఏడికి పోయింది?"

కొండవ్వ తాను చెప్పనన్నట్టు పెదవులు బిగించి కొడుకు వంకే చూసింది. ఇన్నాళ్లూ దాచిన మాట ఇప్పుడు తనే చెప్పాలి. నరహరి నోరు తెరిచాడు. చేతుల మీద గంజి ఆరి చర్మాన్ని లాగుతోంది.